తీగ లేని స్పీకర్లు – ఇంటి నెట్‌వర్కులో కలిపే విధానం



మన హాస్టల్ వార్షికోత్సవం అనగానే అందరికంటే ముందు గుర్తుకొచ్చేది మైకు సెట్టు. ఉదయాన్నే మైకు సెట్టు అతను వచ్చి ఆంప్లిఫయర్ పెట్టి, వేపచెట్టుకు ఒక హారన్, గేటు దగ్గర ఒక హారన్ కట్టి, మధ్యలో తీగ లాగుతాడు. గేటు దగ్గర హారన్ మోగకపోతే ఏం చేస్తాడు? కొత్త హారన్ కొనడానికి పరుగెత్తడు. ఆంప్లిఫయర్ దగ్గర మొదలుపెట్టి తీగను చేత్తో తడుముకుంటూ వెళ్తాడు. ఎక్కడో ఒకచోట జాయింటు ఊడి ఉంటుంది. రెండు కొసలూ మెలిపెట్టి టేపు చుడతాడు. పాట మొదలవుతుంది.

ఇప్పుడు తీగ లేని స్పీకర్లు వచ్చాయి. వైఫై స్పీకర్లు, స్మార్ట్ స్పీకర్లు అంటున్నారు. ఇవి మోగకపోతే తడుముకోవడానికి తీగ ఉండదు. అందుకే చాలామంది "పెట్టె పాడైంది" అనేస్తారు. కాని తీగ లేకపోయినా దారి ఉంటుంది. ఆ దారి తెలిస్తే మైకు సెట్టు అతని లాగే మనమూ తడుముకుంటూ వెళ్లి తప్పును పట్టుకోవచ్చు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇంతే. నేను ఈ హాస్టల్లోనే ఉండి పదో తరగతి పాసయ్యాను, ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతున్నాను. పుస్తకంలో చదివిన దానికంటే మా పెద్దమ్మ ఇంట్లో రెండు రోజులు తిప్పలు పడి నేర్చుకున్నది ఎక్కువ. అందుకే ఆ సంగతినే పాఠంగా చెబుతున్నాను.

అసలు ఈ స్పీకర్లు ఏమిటి?

ఒకప్పుడు పల్లెల్లో పంచాయతీ ఆఫీసు మీద లౌడ్‌స్పీకరు ఉండేది. సాయంత్రం రేడియో పెడితే ఊరంతా వినేది. మన ప్రాంతానికి రేడియో అంటే విజయవాడ కేంద్రమే. ఆ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమైంది. రేడియోలో స్టేషన్ పంపినదాన్ని మనం వినడమే గాని, మనం అడిగింది అది వినిపించదు.

స్మార్ట్ స్పీకరులో మూడు వస్తువులు కలిసి ఉంటాయి. ఒకటి మామూలు స్పీకరు. రెండు, మన మాట వినే మైక్రోఫోను. మూడు, వైఫై ఉన్న చిన్న కంప్యూటర్. మనం పేరు పెట్టి పిలిచి అడిగితే, ఆ మాటను ఇంటర్నెట్ ద్వారా కంపెనీ వారి కంప్యూటర్లకు పంపి, జవాబు తెప్పించుకుని వినిపిస్తుంది. అమెజాన్ కంపెనీ ఎకో స్పీకరును అమెరికాలో 2014లోనూ, మన దేశంలో 2017లోనూ విడుదల చేసింది. గూగుల్ హోమ్ అమెరికాలో 2016లో వచ్చి, మన దేశానికి 2018లో వచ్చింది. 2018 ఫిబ్రవరిలో ఆకాశవాణి వారు తమ ప్రసారాలను అలెక్సా స్పీకర్లలో వినే ఏర్పాటు ప్రారంభించారు. అలెక్సాకు 2019లో హిందీ వచ్చింది. గూగుల్ వారు ఫోన్లలోని అసిస్టెంట్‌కు 2019లో తెలుగు చేర్చారు. ఫోనులో తెలుగు ఉన్నంత మాత్రాన స్పీకరులోనూ ఉంటుందని అనుకోకూడదు. కొనేముందు ఆ మోడల్ భాషల జాబితా చూసుకోవడం మంచిది.

పెద్దమ్మ ఇంట్లో జరిగిన సంగతి

మా పెద్దమ్మది రెడ్డిగూడెం. మామిడి తోటల్లో కూలికి వెళ్లి మా అన్నయ్యను చదివించింది. నాలుగేళ్ల క్రితం నీటికాసులు వచ్చి ఆమెకు చూపు బాగా తగ్గింది. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదట. అన్నయ్య హైదరాబాదులో ఉద్యోగం. వదిన, పిల్ల ఊళ్లోనే పెద్దమ్మ దగ్గర ఉంటారు. ఫోను అద్దం మీద వేలు ఎక్కడ పెట్టాలో పెద్దమ్మకు తెలిసేది కాదు. అందుకని అన్నయ్య సంక్రాంతికి రెండు స్మార్ట్ స్పీకర్లు తెచ్చాడు. ఒకటి ముందు వసారాలో, రెండోది పెద్దమ్మ పడుకునే వెనక గదిలో పెట్టాడు.

ముందు గది స్లాబు వేసిన డాబా. వెనక గది పాత పెంకుటిల్లు, మట్టిగోడ అడుగున్నర మందం. కరెంటు స్తంభాల మీదుగా వచ్చిన కేబుల్ నెట్ పెట్టె ముందు గదిలో ఉంది. దాని వైఫై వెనక గదికి అందలేదు. అన్నయ్య తన దగ్గరున్న పాత రూటరును కూడా తెచ్చి, ముందు పెట్టె నుంచి తీగ లాగి, వెనక గదిలో బిగించాడు. రెండు చోట్లా నెట్ వచ్చింది. రెండు స్పీకర్లూ పిలిస్తే పలికాయి. అన్నయ్య సంతోషంగా హైదరాబాదు వెళ్లిపోయాడు.

చిక్కు తరువాత బయటపడింది. పొద్దున్నే తెలుగు వార్తలు పెట్టమంటే స్పీకరుకు పెద్దమ్మ మాట సరిగ్గా అర్థమయ్యేది కాదు. అందుకని తొమ్మిదో తరగతి చదివే అన్నయ్య కూతురు బడికి వెళ్లేముందు తన తల్లి ఫోనులో రేడియో పెట్టి స్పీకరుకు పంపేది. ముందు గది స్పీకరు ఫోనులో కనిపించేది. వెనక గదిది కనిపించేది కాదు. రెండింటినీ కలిపి ఒకేసారి మోగిద్దామన్నా కుదిరేది కాదు. పట్నంలో ఒక దుకాణంలో చూపిస్తే, "రెండోది పోయింది, మార్చుకోవాలి" అన్నారు. పెద్దమ్మ దానిని అట్టపెట్టెలో పెట్టించేసింది. వార్తల కోసం పొద్దున్నే గోడ పట్టుకుని వసారాలోకి నడిచి వచ్చేది. ఒకరోజు గడప దగ్గర తట్టుకుని పడింది.

నేను వేసవి సెలవులకు వెళ్లినప్పుడు ఇది విన్నాను. "నేను చూస్తాలే పెద్దమ్మా" అన్నాను గాని, నిజానికి నాకూ తెలియదు. మొదటి రోజు మూడుసార్లు స్పీకరును రీసెట్ చేశాను. చేసిన ప్రతిసారీ పలికేది, కాసేపటికి ఫోనులోంచి మాయమయ్యేది. రెండోరోజు మధ్యాహ్నం, ఆలోచించకుండా బటన్లు నొక్కడం మానేసి, దారి ఏమిటో కాగితం మీద గీసుకున్నాను. ఆ కాగితమే ఈ పాఠం.

మొదటి మెట్టు – గాలిలో దారి

వైఫై కూడా రేడియో తరంగమే. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. తరంగదైర్ఘ్యం కావాలంటే వేగాన్ని పౌనఃపున్యంతో భాగించాలని మన భౌతికశాస్త్రంలో ఉంది. వైఫైకి ముఖ్యంగా రెండు బ్యాండ్లు ఉన్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 12.5 సెంటీమీటర్లు. 5 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు 6 సెంటీమీటర్లు. 2.4 కాస్త దూరం పోతుంది, గోడలను కాస్త బాగా దాటుతుంది, కాని నెమ్మది. 5 వేగంగా పనిచేస్తుంది, కాని మందపాటి గోడ దగ్గర త్వరగా నీరసిస్తుంది. పాటకు పెద్ద వేగం అక్కరలేదు కాబట్టి దూరంగా ఉన్న స్పీకరుకు 2.4 చాలు. కొన్ని చవక మోడళ్లకు 2.4 మాత్రమే తెలుసు.

రేడియో తరంగాలు వాడాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి. అయితే తక్కువ శక్తితో 2.4 గిగాహెర్ట్జ్ వాడుకోవడానికి లైసెన్సు అక్కరలేదని మన కేంద్ర ప్రభుత్వం 2005 జనవరిలో నియమాలు చేసింది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండును ఇంటి బయట కూడా అలా వాడుకునే వీలు 2018లో విస్తరించింది. ఈ నియమాల వల్లనే మనం ఎవరి అనుమతీ అడగకుండా ఇంట్లో రూటరు పెట్టుకోగలుగుతున్నాం.

నెట్ తీగ సంగతి కూడా ఒక మాట. ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రాజెక్టును 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు ప్రారంభించారు. కరెంటు స్తంభాల మీదుగా ఫైబర్ లాగి, అప్పట్లో నెలకు 149 రూపాయలకు టీవీ, ఫోను, ఇంటర్నెట్ ఇస్తామన్నారు. ప్రైవేటు కేబుల్ వాళ్లూ ఫైబర్ తెచ్చారు. నెట్ ఊరి దాకా వచ్చింది. ఇంటి లోపల దాన్ని సరిగ్గా పంచుకోవడం మాత్రం మన పని.

రెండో మెట్టు – చిరునామా

ఇది మన హాస్టల్‌తో పోల్చి చెబితే తేలిక. మనం హాస్టల్లో చేరిన రోజు వార్డెన్ గారు ఒక నంబరు ఇస్తారు. ట్రంకు పెట్టె మీద, కంచం మీద అదే నంబరు. ఇంట్లో రూటరు వార్డెన్ లాంటిది. ఫోను, టీవీ, స్పీకరు ఏది వచ్చి చేరినా దానికి ఒక నంబరు ఇస్తుంది. దీనినే ఐపీ అడ్రసు అంటారు. ఇలా తనంతట తానే నంబర్లు పంచే ఏర్పాటు పేరు డీహెచ్‌సీపీ.

ఐపీ అడ్రసులో నాలుగు సంఖ్యలుంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉండవచ్చు. మొత్తం 2 యొక్క 32వ ఘాతం, అంటే సుమారు 429 కోట్ల నంబర్లు. ప్రపంచంలోని పరికరాలన్నింటికీ ఇవి చాలవు. కాబట్టి ఇళ్లలో, ఆఫీసుల్లో లోపల వాడుకోవడానికి కొన్ని నంబర్లను విడిగా ఉంచారు. 192.168 తో మొదలయ్యేవి అలాంటివే. మీ ఇంట్లో 192.168.1.5 ఉన్నట్లే జగ్గయ్యపేటలో మరొకరి ఇంట్లోనూ ఉండవచ్చు. ప్రతి హాస్టల్లోనూ 5వ నంబరు కుర్రాడు ఉన్నట్లే ఇది.

మామూలు ఇంటి రూటరులో మొదటి మూడు సంఖ్యలు హాస్టల్ పేరు, చివరి సంఖ్య కుర్రాడి నంబరు అనుకోండి. 192.168.1.5, 192.168.1.8 ఒకే హాస్టల్ వాళ్లు. 192.168.0.8 వేరే హాస్టల్ వాడు.

మూడో మెట్టు – కేక

ఫోనుకు స్పీకరు ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఫోను హాలు మధ్యలో నిలబడి, "ఇక్కడ పాట పాడే స్పీకర్లు ఎవరున్నారు?" అని కేక వేస్తుంది. దీనిని మల్టీకాస్ట్ అంటారు. ఒక్కరికి కాకుండా వినదలచుకున్న అందరికీ వెళ్లే పిలుపు అది. ఈ పని కోసం 224.0.0.251 అనే ప్రత్యేక అడ్రసు ఉంది. స్పీకరు ఆ కేక విని, "నేనున్నాను, నా పేరు వసారా, నా నంబరు ఇది" అని జవాబిస్తుంది. అప్పుడే ఫోను తెర మీద దాని పేరు కనిపిస్తుంది.

ఇక్కడే అసలు కీలకం ఉంది. ఈ కేకను రూటరు తన గోడ దాటనివ్వదు. ఆ హాస్టల్ హాల్లో వేసిన కేక ఈ హాస్టల్ హాల్లో వినబడదు. రెండు హాస్టళ్లలోనూ భోజనం అందవచ్చు, అంటే రెండు చోట్లా ఇంటర్నెట్ రావచ్చు. కాని ఒకరి కేక ఒకరికి వినపడదు.

ఇంత గీసుకున్నాక, ఫోను సెట్టింగులలో వైఫై వివరాలు తెరిచి దాని నంబరు చూశాను. 192.168.1.5 అని ఉంది. స్పీకరు యాప్‌లోకి వెళ్లి వెనక గది స్పీకరు నంబరు చూశాను. 192.168.0.102 అని ఉంది. స్పీకరు పాడవలేదు. అది వేరే హాస్టల్లో ఉంది. అన్నయ్య తెచ్చిన పాత రూటరు రెండో వార్డెనై, తనకంటూ వేరే నంబర్లు పంచుతోంది. రీసెట్ చేసినప్పుడు నా ఫోను వెనక గది వైఫైలో ఉండేది కాబట్టి స్పీకరు కనిపించేది. వసారాలోకి రాగానే ఫోను ముందు వైఫైకి మారిపోయేది. స్పీకరు మాయమయ్యేది.

సరిచేసిన విధానం

ఒక ఇంటికి ఒకే వార్డెన్ ఉండాలి. రెండో రూటరు నంబర్లు పంచడం మానేసి, వైఫైని దూరానికి అందించే పని మాత్రమే చేయాలి. అలా పనిచేయడాన్ని యాక్సెస్ పాయింట్ అంటారు.

1. ఫోనును వెనక రూటరు వైఫైలో కలిపి, బ్రౌజరులో దాని అడ్రసు కొట్టాలి. అడ్రసు, మొదటి పాస్‌వర్డు సాధారణంగా రూటరు అడుగున చీటీ మీద ఉంటాయి.

2. లోపల పనిచేసే విధానం అన్నచోట యాక్సెస్ పాయింట్ ఉంటే దానిని ఎంచుకుని సేవ్ చేయాలి. ఇక్కడితో చాలా రూటర్లలో పని అయిపోతుంది.

3. పెద్దమ్మ ఇంటి రూటరు పాతది, అందులో ఆ వసతి లేదు. అలాంటప్పుడు ముందుగా దాని సొంత అడ్రసును మొదటి పెట్టె వరుసలోకి మార్చాలి. నేను 192.168.1.2 ఇచ్చాను. మొదటి పెట్టె ఇతరులకు పంచే నంబర్లలో ఇది ఉండకూడదు, ఉంటే ఒకే నంబరు ఇద్దరికి వస్తుంది. తరువాత డీహెచ్‌సీపీని ఆపివేయాలి. చివరగా, ముందు పెట్టె నుంచి వచ్చిన తీగను రంగు వేరుగా ఉన్న వాన్ రంధ్రంలోంచి తీసి, పక్కనున్న లాన్ రంధ్రాలలో ఒకదానిలో పెట్టాలి. ఈ వరుస తప్పితే రూటరు లోపలికి మళ్లీ వెళ్లడం కష్టమవుతుంది.

4. రెండింటికీ ఒకే వైఫై పేరు, ఒకే పాస్‌వర్డు, ఒకే రకం భద్రత పెడితే ఫోను ఏ గదిలో ఉన్నా అదే ఇల్లుగా పనిచేస్తుంది.

5. మొదటి పెట్టెను, తరువాత రెండోదాన్ని, ఆ తరువాత స్పీకర్లను ఆపి వేయాలి.

ఇదంతా అయ్యాక మళ్లీ నంబర్లు చూశాను. స్పీకర్లు రెండూ 192.168.1 వరుసలోకి వచ్చాయి. ఫోనులో రెండు పేర్లూ కనిపించాయి.

కొత్త స్పీకరును కలిపే వరుస

మీ ఇంట్లోనో, ఎవరైనా పిలిచినచోటనో కొత్తది కలపవలసి వస్తే ఈ వరుస పాటించండి.

ముందుగా స్పీకరును కరెంటుకు పెట్టి దీపం వెలిగేదాకా ఆగాలి. కొత్త స్పీకరుకు వైఫై పాస్‌వర్డు తెలియదు, టైపు చేయడానికి దానికి తెర ఉండకపోవచ్చు. అందుకని అది కొద్దిసేపు బ్లూటూత్ ద్వారానో, తనదైన చిన్న వైఫై ద్వారానో ఫోనుతో మాట్లాడుతుంది. కంపెనీ యాప్ తెరిచి, ఫోనులో బ్లూటూత్, లొకేషన్ ఆన్ చేసి, యాప్ అడిగిన అనుమతులు ఇవ్వాలి. ఫోను స్పీకరును కనిపెట్టాక ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డు దానికి అందిస్తుంది. స్పీకరు తన చిన్న వైఫైని ఆపేసి ఇంటి వైఫైలో చేరుతుంది. ఈ మధ్యలో ఫోను "ఈ వైఫైలో ఇంటర్నెట్ లేదు" అని మొబైల్ డేటాకు మారిపోతే పని ఆగిపోతుంది. ఆ కాసేపు మొబైల్ డేటా ఆపితే చాలు.

చివరగా స్పీకరుకు గది పేరు పెట్టాలి. వసారా, వంటిల్లు అని ఇంట్లోవాళ్లు పిలిచే పేరే పెట్టండి. కంపెనీ ఇచ్చిన పొడుగు పేరు వదిలేస్తే రెండు స్పీకర్లు వచ్చాక ఏది ఏదో తెలియదు.

కుదరకపోతే ఈ ప్రశ్నలు వరుసగా వేసుకోండి:

– దీపం వెలుగుతోందా? (కరెంటు)
– ఆ గదిలో ఫోనుకు వైఫై గీతలు నిండుగా ఉన్నాయా? (తరంగం)
– పాస్‌వర్డులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం సరిగ్గా ఉన్నాయా? (అనుమతి)
– ఫోను, స్పీకరు నంబర్లలో మొదటి మూడు సంఖ్యలు ఒకటేనా? (హాస్టల్)
– ఒకటే అయినా కనిపించడం లేదా? అయితే రూటరులో అతిథుల వైఫై గాని, ఐసొలేషన్ గాని ఆన్‌లో ఉందేమో చూడాలి. అది ఉంటే ఒకే హాల్లో ఉన్నా ఒకరితో ఒకరు మాట్లాడకూడదని వార్డెన్ ఆంక్ష పెట్టినట్లే.
– అన్నీ బాగున్నా పాట రావడం లేదా? అదే వైఫైలో ఫోనులో ఏదైనా తెరుచుకుంటుందో లేదో చూడాలి. తెరుచుకోకపోతే తప్పు బయటి నెట్‌ది.

రీసెట్ అన్నది ఈ వరుసలో చిట్టచివరిది. నేను దానిని మొదట చేసి ఒక రోజు పోగొట్టుకున్నాను.

రెండు స్పీకర్లు ఒక్క గొంతుగా

యాప్‌లో గ్రూపు అన్నచోట రెండు స్పీకర్లనూ చేర్చి ఒక పేరు పెడితే రెండూ ఒకే పాట పాడతాయి. ఇందుకు సాధారణంగా రెండూ ఒకే కంపెనీవి, ఒకే నెట్‌వర్కులో ఉన్నవి అయి ఉండాలి. ఇక్కడ ఒక విజ్ఞాన విషయం ఉంది. ధ్వని గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. అంటే 34 మీటర్లు పోవడానికి సెకనులో పదోవంతు పడుతుంది. పెళ్లిపందిట్లో దూరపు హారన్ మాట ఒకసారి, దగ్గరి హారన్ మాట ఒకసారి రెండుగా వినిపించడానికి కారణం ఇదే. వైఫైలో ఒక్కో స్పీకరుకు పాట ముక్కలు ఒక్కో సమయంలో అందుతాయి. అందుకని స్పీకర్లు తమ గడియారాలను ఒకదానితో ఒకటి సరిచూసుకుని, పాటను కొద్దిగా ముందే దాచుకుని, అనుకున్న క్షణానికి కలిసి మొదలుపెడతాయి. వైఫై బలహీనంగా ఉన్న గదిలో ఈ లెక్క తప్పి పాట తెగుతుంది.

తప్పక గుర్తుంచుకోవలసినవి

స్పీకర్లు రెండూ పలికాక పెద్దమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "ఏరా అబ్బాయా, ఇది మనం మాట్లాడుకునేదంతా వింటదా?" అని అడిగింది. ఆ ప్రశ్న అన్నయ్యకు గాని, నాకు గాని అంతవరకు తట్టలేదు. వస్తువు ఆమె మంచం పక్కన పెట్టి, ఆమెను అడగనే లేదు.

స్పీకరు తన పేరు వినపడుతుందేమోనని ఎప్పుడూ చెవి పెట్టుకునే ఉంటుంది. పేరు వినిపించాక వచ్చే మాటలను కంపెనీకి పంపుతుంది. ఒక్కోసారి వేరే మాటను తన పేరనుకుని కూడా పంపుతుంది. ఆ రికార్డింగులను యాప్‌లో చూసి చెరిపివేయవచ్చు. పిల్లల గొంతు రికార్డింగులను తొలగించకుండా ఉంచుకున్నారన్న అభియోగం మీద అమెరికాలో 2023లో అమెజాన్ 2.5 కోట్ల డాలర్ల జరిమానాకు ఒప్పుకోవలసి వచ్చింది. మన దేశంలో కూడా 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేశారు. ఆ చట్టం 18 ఏళ్లలోపు వారిని పిల్లలుగా లెక్కిస్తుంది. అంటే మీరంతా అందులోకి వస్తారు.

స్పీకరు మీద మైక్రోఫోను ఆపే బటన్ లేదా మీట ఉంటుంది. పెద్దమ్మ చేతిని పట్టుకుని దాని మీద పెట్టాను. చూపు లేనివాళ్లకు ఎర్రదీపం కనపడదు కాబట్టి, నొక్కినప్పుడు వచ్చే శబ్దాన్ని గుర్తుపట్టేలా పదిసార్లు నొక్కించాను. "ఇంటికి ఎవరన్నా వచ్చినప్పుడు నేనే ఆపుకుంటాలే" అంది. అది ఆమె ఇల్లు, ఆమె మాట. ఆపే అధికారం ఆమె చేతిలోనే ఉండాలి.

ఇంకొన్ని జాగ్రత్తలు:

– రూటరుతో వచ్చిన మొదటి పాస్‌వర్డును మార్చాలి. భద్రత అన్నచోట డబ్ల్యూపీఏ2 లేదా డబ్ల్యూపీఏ3 ఉండాలి. కొత్త పాస్‌వర్డు ఇంట్లో ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచాలి. అన్నయ్యకు మాత్రమే తెలిసి ఉండటం వల్లనే నాకు సగం పూట పోయింది.
– స్పీకరు నుంచి వస్తువులు కొనే వసతిని ఆపివేయాలి.
– మీరు వేరేవాళ్ల ఇంట్లో పని చేసిపెడితే వారి పాస్‌వర్డును మీ ఫోనులో ఉంచుకోకూడదు. పని కాగానే వారి ముందే చెరిపివేయండి. మనల్ని నమ్మి లోపలికి రానిచ్చిన ఇల్లది.
– కరెంటు పోయినప్పుడు రూటరూ ఆగిపోతుంది. రూటరుకు సరిపడే చిన్న బ్యాకప్ దొరుకుతుంది. పెద్దవాళ్లున్న ఇంట్లో అది అక్కరకొస్తుంది.

అభ్యాసం

1. 128 కిలోబిట్ల పాట సెకనుకు 16 కిలోబైట్లు వాడుతుంది. గంటకు ఎన్ని మెగాబైట్లు? 1 గిగాబైటుతో సుమారు ఎన్ని గంటలు వినవచ్చు? (జవాబు: సుమారు 58 మెగాబైట్లు, 17 గంటలు.)
2. ఫోను 192.168.1.14, స్పీకరు 192.168.29.6. మామూలు ఇంటి రూటర్లతో ఫోనులో స్పీకరు కనిపిస్తుందా? ఎందుకు?
3. రెండు స్పీకర్ల మధ్య సెకనులో ఇరవయ్యోవంతు తేడా ఉంటే, అది ధ్వని ఎన్ని మీటర్లు నడిచినదానితో సమానం?
4. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ఒక ఫోనులో హాట్‌స్పాట్ పెట్టి, మరో ఫోనును దానిలో కలపండి. ఏ నంబరు వచ్చిందో రాసుకోండి. వార్డెన్ ఎవరో చెప్పండి.

స్పీకరు మన దగ్గర లేకపోయినా ఈ పాఠం పనికొస్తుంది. సీసీ కెమెరా, ప్రింటరు, స్కూలులోని టీవీ అన్నీ ఈ దారిలోనే నడుస్తాయి. నందిగామలోనైనా, మైలవరంలోనైనా ఇవాళ ఎన్నో ఇళ్లలో వైఫై పెట్టె ఉంది, అది ఆగినప్పుడు చూసేవాళ్లు తక్కువ. "హాస్టల్ పిల్లలకు ఇవన్నీ ఎందుకు" అనేవాళ్లు ఉంటారు. వాళ్లతో వాదించనక్కరలేదు. ఒక కాగితం, పెన్సిలు తీసుకుని దారి గీయడం నేర్చుకోండి. పెట్టె పాడైందని ఎవరైనా అంటే, "ఒక్కసారి నంబరు చూద్దామండీ" అనండి.

ఇప్పుడు రెడ్డిగూడెంలో పొద్దున్న వార్తలు వెనక గదిలోనే మోగుతున్నాయి. పెద్దమ్మ మంచం మీద కూర్చునే వింటోంది. అవి అయిపోయాక మైక్రోఫోను బటన్ తనే నొక్కుకుంటోంది.

– పూర్వ విద్యార్థి,
డిప్లొమా (ఎలక్ట్రానిక్స్) ద్వితీయ సంవత్సరం